భూమేష్ వేసిన సముద్ర దేవుడు

భూమేష్ చేపల హోటల్ గోడ మీద శివుణ్ణి వేశాడని, పొద్దున్నే ఎవరూ లేనప్పుడు చెప్పులు విడిచి ఆ బొమ్మ కాళ్లకు మొక్కుతున్నాడని మా బిల్డింగ్ అంతా చెప్పుకున్నారు. ఆ మాట మోసుకొచ్చింది దస్తగిరి. ఆ హోటల్లో చేపలు కోసేది అతనే. మాలాగే కడప వైపు మనిషి.

సౌదీలోని జిజాన్‌లో ఆ హోటల్‌కు ఎదురుగా, మేడ మీద ఉంటాం మేము. అబ్బా లారీ నడుపుతాడు. తొమ్మిదో తరగతిలో నన్ను బడి మాన్పించి ఇక్కడికి తెచ్చారు. అమ్మీ, నేను హోటల్‌కు రొయ్యలు ఒలిచి ఇస్తాం.

భూమేష్‌ది మెట్‌పల్లి. ఊళ్లో షాపుల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, గోడలకు రంగులు వేయడానికి ఇక్కడికొచ్చాడు. భార్య సరళను చూసి మూడేళ్లయింది. హోటల్ యజమానే అతనికి వీసా ఇచ్చిన కఫీల్. బొమ్మ బాగా కుదిరితే, వెళ్లి తిరిగి రావడానికి రీ-ఎంట్రీ ఇచ్చి ఇంటికి పంపుతానన్నాడు. ఈ మొక్కుల మాట ఆయన చెవిన పడితే మళ్లీ రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించేస్తాడు.

బొమ్మకు గడ్డం, చేతిలో త్రిశూలం, కాళ్ల కింద నీలం అలలు. ఓసారి రొయ్యలివ్వడానికి వెళ్లినప్పుడు ఇది శివుడేనా అని అమ్మీ భూమేష్‌ను అడగనే అడిగింది.

"నాకేం తెల్వదక్కా. కఫీల్ ఫోన్ల సూపిచ్చిండు. పాతకాలంల గ్రీసు దేశపోళ్లు మొక్కిన సముద్ర దేవుడంట. పొసైడాన్ అంటరంట. మా శివుని మెడల పాముంటది. ఈయనకేడుంది?"

"పామును రేపు ఏస్తాడులే ఆపా!" అన్నాడు దస్తగిరి, కత్తి కడుగుతూ.

భూమేష్ నవ్వి కొట్టిపారేయలేదు. నాకది నచ్చలేదు.

మర్నాడు పొద్దున పరదా చాటు నుంచి చూశాను. భూమేష్ రోడ్డుకు రెండు వైపులా చూసి హోటల్ లోపలికి దూరాడు. అద్దం తలుపులోంచి కనిపిస్తూనే ఉన్నాడు. చెప్పులు విడిచాడు. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చాడు. మోకాళ్ల మీద వంగి దేవుడి పాదాలకు చెంప ఆనించాడు.

"మెహజబీన్, ఏంటికే అట్ల సూస్తాండావు? ఎవరన్నా సూస్తే మనల్నే అంటారు," అంది అమ్మీ. దస్తగిరి చెప్పింది నిజమేననుకున్నాను.

శుక్రవారం కఫీల్ వచ్చాడు. మేము రొయ్యల గిన్నెతో వెనక తలుపు దగ్గరే ఉన్నాం. దస్తగిరి అరబీలో అంతా చెప్పేశాడు. నిజమేనా అని కఫీల్ అడిగితే భూమేష్ తల వంచుకున్నాడు. కాదని ఒక్క మాట అనొచ్చుగా? ఎందుకు అనడు?

కఫీల్ వెళ్లి, భూమేష్ వంగిన చోటే వంగి, గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసి నీలంగా వచ్చింది.

అప్పుడు భూమేష్ వచ్చీరాని అరబీలో ఏదో చెప్పాడు. గోడ ఆరేదాకా ప్రయాణం లేదని చెప్పి కఫీల్ వెళ్లిపోయాడు.

"రోజూ మట్టి అంటకుండ చెప్పులిడిచి, చేతులు రుద్ది వేడి జేస్కోని ముట్టి, చెంప బెట్టి సూస్తున్ననక్కా, ఆరిందేమోనని," అన్నాడు భూమేష్ అమ్మీతో. "రంగు పోయినకాడ మళ్ల ఏస్తున్న. ఎట్ల చెప్పాలె? చెప్తే పంపడాయె."

దస్తగిరి కత్తి తీసుకుని మళ్లీ చేపల ముందు కూర్చున్నాడు.

ఆ గోడకు అవతల ఉన్నది ఐసు గది. గోడ ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది.