బల్ల బాంబుని ఆపుతుందా?

కాఫీ మెషీన్ కడుగుదామని వెనిగర్ పోశాను, అంతే, మార్జరీ గారు వచ్చి వంటింట్లో నిలబడ్డట్టయింది. పాతబడి పాడైన ఫిల్ము రీళ్ళు అచ్చం ఇదే పులుపు వాసన కొడతాయి. మాస్టర్స్ చదవడానికి అమెరికాలోని ఆర్కాన్సా వెళ్ళిన కొత్తలో, యూనివర్సిటీ లైబ్రరీలో అలాంటి రీళ్ళు చూసి దేనిలో ఏముందో రాసిపెట్టే పని నాకు ఆవిడే ఇచ్చారు. తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. నవ్వితే గది దద్దరిల్లేది. నాకేమో నోరు విప్పాలంటే చచ్చేంత భయం. తెలియనిది అడగడం కన్నా ఊహించి రాసేయడమే నయమనుకునేదాన్ని.

ఒకరోజు ఒక రీలు వేశాను. శబ్దం పోయింది, బొమ్మ మాత్రం ఉంది. టీచరమ్మ చెయ్యి ఊపగానే పిల్లలంతా బల్లల కింద దూరి, తలమీద చేతులు పెట్టుకుని ముడుచుకున్నారు. ఇంకేముంది, మా బడిలో గోడకుర్చీ వేయించినట్టే! "అల్లరి పిల్లలకు శిక్ష" అని రాసి పడేశాను.

అది చదివి మార్జరీ గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "శిక్ష కాదు హనీ, రష్యావాళ్ళు అణుబాంబు వేస్తే ఏం చేయాలో చిన్నప్పుడు మాకు బడిలో నేర్పిన సినిమా ఇది. నేనూ అలా దూరినదాన్నే. నన్ను అడగొచ్చుగా?"

"మా స్కూల్లో ప్రశ్నలడిగితే బెంచీ ఎక్కించేవాళ్ళండీ," అన్నాను.

ఆవిడ నవ్వు ఆగింది. "నేనూ అడిగాను. ఈ చెక్కబల్ల బాంబుని ఆపుతుందా టీచర్, అని. సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆ నెలలోనే ఊళ్ళో స్కూలు పిల్లలను లైబ్రరీకి పిలిచి ఆ సినిమా వేశారు. శబ్దం లేదుగా, పక్కన నిలబడి నువ్వే చెప్పాలి అన్నారు మార్జరీ గారు. "నా ఇంగ్లీషుకి నవ్వుతారండీ!" అని బతిమాలాను. "నవ్వనీ, ఏడిపించడానికి పిలిచామా ఏంటి?" అన్నారు. ముందు నా శిక్ష కథే చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో ముందు వరసలోంచి ఒక రెండుజడల పిల్ల చెయ్యెత్తింది. "మరి ఆ బల్ల బాంబుని ఆపుతుందా?"

మార్జరీ గారి వైపు చూశాను. ఆవిడ తనూ బడిపిల్లలా నా వైపే చూస్తున్నారు. పిల్లలను భయపెట్టానని వాళ్ళ టీచర్లు ఏమంటారో అనిపించింది. అయినా చెప్పాను.

"లేదమ్మా, ఆపదు. మంచి ప్రశ్న అడిగావు."

"నేనూ అదే అనుకున్నా," అని ఆ పిల్ల దర్జాగా కూర్చుంది. మార్జరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "థాంక్యూ సుధా. యాభై ఏళ్ళకి నాకు జవాబొచ్చింది."

ఆవిడ ఇప్పుడు లేరు. ఆఫీసు మీటింగులో అందరూ అర్థమైనట్టు తలలూపుతుంటే, మొదట చెయ్యెత్తేది నేనే. మా మేనేజర్ మూలుగుతాడు. మూలగనీ! నాకు భయం ఇప్పటికీ వేస్తుంది. చెయ్యి మాత్రం దానికన్నా ముందే లేస్తుంది.