దొడ్డికి కాపలా మూడు దవడల భూతం

కోదాడలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు సూర్యాపేట వెళ్లి హేతువాద చర్చల్లో గొంతు చించుకుంటూ బతికిన ఆ రోజులు తలుచుకుంటే, ఒక మనిషి ఒకే ఒంట్లో అన్ని అబద్ధాలు ఎలా మోశాడా అని నాకే ఆశ్చర్యం వేస్తుంది. దయ్యం అన్న మాట ఎవరి నోట వచ్చినా కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. సభ ముగిసి అందరూ టీ తాగడానికి వెళ్లాక, అదే మనిషిని బస్టాండు పక్క పాత పుస్తకాల కుప్ప ముందు గొంతుకూర్చుని దయ్యాల బొమ్మల మీది దుమ్ము దులుపుతూ ఉండేవాణ్ణి. నా చిన్నప్పటికే పాతబడిపోయిన రాక్షసుల బొమ్మల పుస్తకాలంటే నాకు చెప్పలేని మోజు. నాసిరకం కాగితం, గీతల్లో ఇమడని రంగులు (రాక్షసుడి నాలుక ఎరుపు పక్కనున్న రాజకుమారి చెంప మీదికి పాకేది), చెదలు తిన్న అంచులు. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక పాతసామాన్ల కొట్లో ఊకదుమ్ముకు తుమ్ముతూ వెతికాను. హుజూర్‌నగర్‌లో పకోడీల బండివాడి చేతిలోంచి, అతను పొట్లం చుట్టేలోపల, ఒక గబ్బిలాల రాణిని కాపాడాను.

వాటిని నా గదిలో పెట్టుకునే ధైర్యం మాత్రం లేదు. మా చర్చామండలి అధ్యక్షులవారు చెప్పాపెట్టకుండా వచ్చి అలమర తెరిచే మనిషి. అందుకని మునగాల దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త ఇంట్లో, ఆమె రేకు సందుగలో దాచేవాణ్ణి. అత్తకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఓ చిన్న గొర్రెల మంద ఉంది. చదువు రాదు గానీ నాకంటే శ్రద్ధగా ఆ బొమ్మలు చూసేది. "గీడికి మూడు దవడలున్నయ్ గద అల్లుడా, ఏ దవడతోని తింటడు?" అని అడిగేది. అంత లోతైన ప్రశ్న మా మండలిలో ఎవరూ నన్ను అడగలేదు.

ఒక ఎండాకాలం చివర్లో వెళ్లేసరికి గొర్రెల దొడ్డి తడిక మీద మూడు దవడల భూతం వేలాడుతున్నది. పాత దిష్టిబొమ్మ వెలిసిపోయిందని అత్త ఆ పుస్తకం అట్ట చింపి, చెక్కకు అంటించి, మేకు కొట్టింది. నాకు రెండు విధాలా కడుపు మండింది. హేతువాది ఇంటి దొడ్డికి దిష్టిబొమ్మా! అదీగాక ఆ అట్ట మళ్లీ దొరికేది కాదు, మేకు సరిగ్గా మూడో దవడలో దిగింది.

"దిష్టి లేదు, గిష్టి లేదు, తియ్యి అత్తా!" అన్నాను.

"లేకుంటే లేదు తియ్. బొమ్మ మంచిగున్నది, ఉండనియ్."

అప్పటికే చిటుకు రోగానికి టీకా వేయించమని నేను ఆమెను పోరుతున్నాను. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేసిన గొర్రె, చిటిక వేసినంతలో ఎగిరిపడి చచ్చే జబ్బు అది. సూది వేయిస్తే కడుపుతో ఉన్న గొర్రెలు ఈసుకపోతాయని ఊరంతా భయం. చివరికి ఇద్దరం బేరానికొచ్చాం. బొమ్మ ఉంటుంది, సూదీ పడుతుంది. పశువుల డాక్టరు వచ్చిన రోజు ఆ ఊళ్లో దొడ్డి తలుపు తెరిచింది మా అత్త ఒక్కతే. నేను గెలిచాననుకుని కోదాడ బస్సెక్కాను.

వానలు పడ్డాయి. గడ్డి మొలిచింది. ఓ మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఊరినుంచి ఫోను వచ్చింది. "సారూ, నువ్వు జల్ది రా. మీ అత్తను అడుగుతున్నరు" అన్నది ఒక ఆడగొంతు. ఏం అడుగుతున్నారో చెప్పకుండానే పెట్టేసింది.

నేను వెళ్లేసరికి అత్త ఇంటి ముందు చచ్చిన గొర్రెలను వరసగా పడుకోబెట్టారు. కడుపులు ఉబ్బి కాళ్లు నిక్కబొడుచుకున్నాయి. ఈగల మోత. అన్ని దొడ్లలోనూ చచ్చాయి, అత్త దొడ్లో ఒక్కటీ చావలేదు. తడిక మీద మూడు దవడలు తెరుచుకుని భూతం నవ్వుతున్నది. సందుగ వాకిట్లోకి ఈడ్చి, నా పుస్తకాలన్నీ మట్టిలో పోశారు. పుర్రెలు, రక్తం, జడలు విరబోసిన ఆడపిశాచాలు. నేను ఏళ్ల తరబడి ముచ్చటపడి ఏరుకున్న ప్రతి బొమ్మా అక్కడ మా అత్త మీద సాక్ష్యం చెబుతున్నది.

ఎదురింటాయన అరుగు మీద కూర్చున్నాడు. అతని మంద సగం పోయింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. చేతిలో పట్టకారు ఉంది. అదెందుకో మా ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మంత్రగత్తె అనుకున్నవాళ్ల పళ్లు పీకేస్తారు. పళ్లు లేకపోతే మంత్రం నోట పలకదట. ఈ మూఢత్వం మీద నేను అంతకుముందే ఒక ఘాటైన వ్యాసం రాశాను. ఆ ఊళ్లో దాన్ని ఎవరూ చదవలేదు.

అత్త గుంజకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఉన్నయే నాలుగు పండ్లు అల్లుడా, అవ్విటికి గంత పెద్ద పట్కారు తెచ్చిండు" అన్నది. ఎవరూ నవ్వలేదు.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. సూక్ష్మజీవి అన్నాను, గడ్డి అన్నాను, పేగుల్లో విషం అన్నాను. మా కులపెద్ద ఓపిగ్గా విన్నాడు.

"గా సూక్ష్మజీవి కంటికి కనబడ్తదా సారూ?"

"కనబడదు."

"మంత్రం గూడ కనబడది గద."

(దీనికి నా దగ్గర మంచి జవాబుంది. మైక్రోస్కోపు లేదు.)

ఎదురింటాయన లేచాడు. "మాటలు బంజెయ్ సారు. నా జీవాలెందుకు సచ్చినయ్, నీ అత్తయి ఎందుకు సావలే? గదొక్కటి చెప్పు."

"సూది వేయించింది కాబట్టి."

"సూదికి సావు ఆగుతదా? గా మూడు మూతులోన్ని కట్టుకున్నది, గందుకే ఆగింది. గీ బుక్కులల్ల ఏమున్నయ్, సదువు!"

చదివాను. వాకిట్లో చచ్చిన గొర్రెల మధ్య నిలబడి, మట్టి దులిపి, మూడు దవడల భూతం కథ మొదటి బొమ్మ నుంచి వినిపించాను. ఇది మంత్రం కాదు, పిల్లల కథ అని నిరూపించాలని నా ఆలోచన. భూతం ఒక రాజును మింగింది. ఇంకో రాజును మింగింది. దూరంగా నిలబడ్డ ఆడవాళ్లు రెండడుగులు ముందుకొచ్చారు. మూడో రాజు వచ్చేసరికి కులపెద్ద గొంగడి పరుచుకుని కూర్చున్నాడు.

"రాజులనే తింటదా? గొర్లను తినదా?"

"ఇందులో గొర్రెలు లేవు."

"అంటే గొర్లను ముట్టది!" ఆయన చుట్టూ చూశాడు. "ఇంటున్నర్రా? ముట్టది. మరి గీమెను కొట్టుడెందుకు, పీకుడెందుకు? గా భూతాన్నే మన దొడ్లను గూడ కాయమందాం. సారూ, ఇంటికొకటి ఇస్తవా?"

నా వయసంతా కూడబెట్టుకున్న వాదన నాలుక చివరకొచ్చింది. బొమ్మ కాగితం ముక్క, దానికి ఏ శక్తీ లేదు అనాలి. అది నిజమే. ఎదురింటాయన కూర్చోలేదు, పట్టకారు వదల్లేదు. అత్త నా మొహం వైపు చూడటం లేదు, నా నోటివైపు చూస్తున్నది.

"ఇస్తాను" అన్నాను. "కానీ సూది పడ్డ జీవాన్నే ఇది కాస్తుంది. పడనిదాన్ని ఇది పట్టించుకోదు."

అది నేను జీవితంలో చదివిన మొదటి మంత్రం.

"అవును," అన్నది అత్త వెంటనే, గుంజ దగ్గర నుంచే. "నేను గట్లనే పెట్టిన. ముందు సూది, ఎన్క బొమ్మ. ఉల్టా చేస్తే పలకడు."

ఎదురింటాయన ఆమెను చూసి, అక్కడే కూలబడి, గొర్రెలను పేర్లు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. పట్టకారు ఎవరు తీసుకెళ్లారో నాకు తెలియదు. నేను అప్పటికి అట్టలు చింపే పనిలో ఉన్నాను. గబ్బిలాల రాణి కులపెద్ద దొడ్డికి పోయింది. ఉప్పునీళ్ల పిశాచి, ఎముకల మాంత్రికుడు, తలలు మార్చుకునే కవలలు, ఒక్కొక్కరూ ఒక్కో దొడ్డికి వెళ్లిపోయారు. ఎదురింటాయనకు నేనే వెళ్లి ఇచ్చాను. "మంచి కోపంగలోన్ని ఇయ్యి సారూ" అన్నాడు. వెతికి ఇచ్చాను.

మరుసటి ఎండాకాలం టీకాకు ఊరంతా బారులు తీరింది. పశువుల డాక్టరు తన ప్రచారం ఫలించిందనుకున్నాడు. మా మండలి మాత్రం నన్ను పిలిపించి నిలబెట్టింది. మూఢనమ్మకాన్ని చేతులారా పంచిపెట్టావా లేదా అని అధ్యక్షులవారు అడిగారు. పంచాను అన్నాను. నీ సమర్థన ఏమిటి అన్నారు. "మా అత్తకు నాలుగు పళ్లున్నాయండీ" అన్నాను. అది వాదన కాదని తీర్మానించి నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. తర్కం ప్రకారం వాళ్లదే ఒప్పు.

ఊళ్లో అత్తను ఎవరూ ఏమీ అనలేదు. కానీ పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఆమె ఇంటి మజ్జిగ ఎవరూ తాగలేదు. వానకు బొమ్మలు నానినప్పుడు మాత్రం వచ్చి, గడప అవతలే నిలబడి, "అల్లుడొస్తే ఇంకోటి తెమ్మను" అని చెప్పి పోయేవాళ్లు. అలా నా వేట మళ్లీ మొదలైంది. ఏ పుస్తకం చూసినా ఈ రాక్షసుడు వానకు ఆగుతాడా అని కాగితం మందం చూసే స్థితికొచ్చాను.

ఏళ్లు గడిచాయి. ఓ సాయంత్రం సూర్యాపేట బస్టాండులో అలాంటి పుస్తకాల కట్ట చంకలో పెట్టుకుని మునగాల బస్సు కోసం నిలబడ్డాను. అత్త ఫోను చేసింది. మాట తేడాగా, గాలి పోయినట్టు వినిపించి గాబరా పడ్డాను.

"ఏమైంది అత్తా?"

"ఏం కాలే అల్లుడా. ఆఖరు పన్ను గూడ ఊసిపోయింది, దానంతట అదే. ఇగ మంత్రాలు రావు పో!" అని పగలబడి నవ్వింది.

నేనూ నవ్వాను. చంకలో భూతాలు పెట్టుకుని ఒంటరిగా నవ్వుతున్న ఆ పంతుల్ని పక్కవాళ్లు వింతగా చూశారు. నవ్వు ఆగిన తర్వాత చాలాసేపు నా కళ్లకు బస్సు బోర్డులు సరిగా ఆనలేదు.