గిర్నికి యజమాని

బోధన్‌లో నేను బ్యాంకు గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఎడపల్లి నుంచి బీడీలు చుట్టే ఒక అక్క వచ్చేది. ఏది అడిగినా ముందు కొంగు నడుముకు బిగించి, ఆ తర్వాతే జవాబు చెప్పేది. పిండి, కారం పట్టే గిర్ని పెట్టుకోవాలని ఆమె కోరిక. మొదటిసారి వచ్చినప్పుడు మేనేజరు, "మీ ఆయన పేరు మీదైతే లోన్ ఇస్తం" అన్నాడు. ఆమె దరఖాస్తు మడిచి తీసుకుని వెళ్లిపోయింది. భర్త పేరు మీద మాత్రం అడగలేదు.

రెండేళ్లకు కొత్త నిబంధనలు వచ్చాయి. పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్లకు, భర్త సంతకం లేకుండా, వాళ్ల పేరు మీదే లోన్ ఇవ్వమన్నారు. ఆ వారమే ఆమెకు కబురు పంపాను. వచ్చింది. మేనేజరు పాత అలవాటుకొద్దీ, "మీ ఆయనేడి?" అన్నాడు.

ఆమె కొంగు బిగించింది. "ఇంటికాడున్నడు సారూ. గిర్ని నడిపేది నేను. గాయనతోటి ఏం పని?"

మేనేజరు నవ్వి కాగితాలు ముందుకు జరిపాడు. ఆమె ఒక్కో అక్షరం ఒత్తి రాసి సంతకం చేసింది. చూస్తున్న నాకే గర్వంగా అనిపించింది.

గిర్ని మొదలైన రోజు నేనూ వెళ్లాను. తలుపు పైన యజమానిగా ఆమె పేరే రాసి ఉంది. బెల్టు తిరగగానే కారం ఘాటుకు అందరం తుమ్మడం మొదలుపెట్టాం. అంతలో ఆమె భర్త మక్కజొన్నల సంచితో అందరినీ దాటుకుని ముందుకొచ్చాడు.

"ముందుగాల మనది పట్టు" అన్నాడు.

"లైన్ల నిలబడు" అంది ఆమె. "గీడ అందరు ఒక్కటే."

ఆయన నవ్వుకుంటూ వెళ్లి చివర నిలబడ్డాడు.