అద్భుతంలో తప్పిపోయిన జీపు

కరోనాకు ముందు సంవత్సరం. మదనపల్లెలో మా అచ్చాఫీసు. బాబాల మాయల మీద నేను రాసిన కరపత్రాలన్నీ అక్కడే అచ్చయ్యాయి. అలాంటి చోటికి పుంగనూరు నుంచి చిన్నప్ప సారు తన గురువు రాయప్ప స్వామి జీవితచరిత్ర రాసి తెచ్చారు. స్వామి యేసుసభకు చెందిన క్రైస్తవ గురువు, జెస్యూట్. సంస్కృతం చదువుకుని, పల్లెలు తిరిగి జనం మాటలు సేకరించిన పండితుడు. ఆయన రాసిన ధ్యానాలను కుప్పం వైపు ఇళ్లలో ఇప్పటికీ చదువుకుంటారు.

అచ్చుకు ముందు ప్రూఫ్ రీడింగ్, అంటే తప్పులు దిద్దడం. మా దగ్గర ఒకరు రాతప్రతి పైకి చదువుతారు, మరొకరు వింటూ అచ్చుప్రతి దిద్దుతారు. ఆ రోజు సారు చదువుతుంటే నేను దిద్దుతున్నాను. గుడుపల్లె దగ్గర పాము కరిచిన పిల్లను స్వామి ప్రార్థన ఒక్కటే బతికించిందన్న చోట నా కలం ఆగింది.

“సార్, ఇది నమ్మి మందు మానేసి ఏ బిడ్డయినా చచ్చిపోతే ఎవరిది బాధ్యత?”

“ఇది విశ్వాసుల పుస్తకమప్పా. నువ్వు అచ్చేసి ఇయ్యి, సాలు.”

పుస్తకంలో వేయడానికి తన ఫొటో ఇచ్చిపోదామని వచ్చి, బెంచీ మీద కూర్చున్న సగాయమ్మ అంతా వింటోంది. అప్పుడు పాము కరిచిన పిల్ల ఆమే.

“జీపు యాడ పాయ సార్?” అంది.

“ఏం జీపమ్మా?”

“స్వామి నన్ను ఒళ్లో ఏసుకోని కుప్పం ఆస్పత్రికి తోలకపోయిన జీపు. సూదులేసినాకే గదా నేను లేసింది. మంత్రగాని కాడ పొద్దు పోగొట్టినారని దావంతా మా నాయనను తిడతానే ఉండాడు.”

నాకు ఇంకేం కావాలి? “అయితే ప్రార్థన కొట్టేస్తున్నాను” అన్నాను.

“యాల కొట్టేస్తావప్పా? తిట్టేది ఆపినప్పుడంతా జపమే. కండ్లు మూతలు పడినా సెవులు ఇంటానే ఉండె. సారు జీపు దించేసినాడు, నువ్వు జపం దించేస్తాండావు. రెండూ ఉంటేనే నా ఫొటో ఏసేది, లేకుంటే ఇచ్చేయండి.”

సారు నా కలం అడిగి, అక్కడే కూర్చుని ఆ పేజీ తిరగరాశారు. జీపు, సూది, తిట్లు, జపం అన్నీ వచ్చాయి.

సగాయమ్మను బతికించింది సూదిమందే. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. కానీ జపం జరిగింది. సాక్ష్యం అడిగేవాడు సాక్షి చెప్పినదంతా రాసుకోవాలి, తనకు నచ్చిన ముక్క ఏరుకోకూడదు.

ఏటా స్వామి వర్ధంతి నాడు గుడుపల్లె చర్చిలో ఆ పేజీ చదువుతున్నారు. పాము కరిస్తే ముందు ఆస్పత్రికి పరుగెత్తాలన్న మాట, నా కరపత్రాలకు తలుపు తెరవని ఇళ్లలోకి కూడా వెళుతోంది.