పేజీ అడుగున ప్రశ్న

వారానికో వ్యాసం చదవాలి, దాని మీద ఒకే ఒక్క పేజీ రాసి తేవాలి. రెస్పాన్స్ పేపర్ అనేవాళ్లు దాన్ని. సారాంశం వద్దు, మీకేమనిపించిందో రాయండి, చివర మాత్రం మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి. ఇదీ మా సెమినార్ మేడమ్ షరతు. అనిపించింది చెప్పమని నన్నెవరూ బతిమాలాల్సిన పని ఎన్నడూ లేదు. ఆ చివరి మాటే నాకు మింగుడు పడలేదు.

పిల్లలు కాలేజీలకెక్కాక నేనూ ఎం.ఏ.లో చేరాను. దబీర్‌పురాలో కింద మా కిరాణా దుకాణం, పైన మా కాపురం. స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే మలక్‌పేట వచ్చేలోపు వ్యాసంలో మొదటి తప్పు పట్టేదాన్ని. దిగేలోపు రాసినవాడికి దినం పెట్టేసేదాన్ని. "ఆంటీ, ఈ వారం ఎవర్ని ఉతికిన్రు?" అని నా పిల్లల ఈడువాళ్లు గేటు దగ్గరే అడిగేవాళ్లు. నాకది బిరుదులా ఉండేది. నా పేపర్లన్నీ తీర్పులతోనే ముగిసేవి. మేడమ్ నాకన్నా చాలా చిన్నది. ప్రతిసారీ పేజీ అడుగున పెన్సిల్‌తో ఒకటే రాసేది: "ప్రశ్న ఏది?"

"జవాబు తెలిసినంక ప్రశ్న ఎందుకు మేడమ్?" అని ఒకసారి తగువు పెట్టుకున్నాను కూడా.

"తెలిసినయన్నీ రాస్తున్నరు. తెల్వనిది ఒక్కటన్న లేదా?" అంది.

దుకాణదారుల ఇంట్లో పుట్టి దుకాణదారుల ఇంటికే వచ్చినదాన్ని. మా దగ్గర అడిగేది గిరాకీ, చెప్పేది మేము. లేని సరుకుకైనా "రేపొస్తది" అంటాం కాని తెలియదు అనం.

ఒక వారం వ్యాపార కుటుంబాల మీద వ్యాసం ఇచ్చారు. అంగడి మగవాళ్లది, ఇల్లు ఆడవాళ్లది, ఆ ఇళ్ల ఆడవాళ్లకు వ్యాపారంతో పని లేదు అని అందులో తేల్చిపారేశారు. నాకు ఒళ్లు మండింది. మా అత్తమ్మ పైన కిటికీ దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీసి, మసాలాలు దంచి, పొట్లాలు కట్టి, తాడు కట్టిన బుట్టలో కిందికి దించేది. ఖాళీ బుట్ట పైకొచ్చేది, మళ్లీ నిండి దిగేది. అన్నేళ్లూ ఆ బుట్ట దిగితేనే మా దుకాణం నడిచింది. కాని గల్లా దగ్గర ఆమె ఒక్కనాడూ కూర్చోలేదు. ఇదంతా రాసి, వ్యాసం రాసిన ఆ పెద్దమనిషిని కడిగి ఆరేసి, క్లాసులో గొంతెత్తి చదివాను. పిల్లలు బల్లలు చరిచారు.

మేడమ్ అందరూ చల్లబడేదాకా ఆగింది. "మస్తుగుంది. మరి ఆమెకు గల్లా మీద కూసోవాలని ఉండెనా?"

పెళ్లయినప్పటి నుంచి ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. కూరలో ఉప్పు మీద వాదించాను, పిల్లల చదువుల మీద వాదించాను. ఆమె తరఫున చుట్టపక్కాలందరితో వాదించాను. ఆమెను మాత్రం అడగలేదు.

"అడిగొస్త" అని పేపరు వెనక్కి తీసుకున్నాను.

అడగడానికేముంది అనుకున్నాను గాని, ఆమెకు చెవులు పోయి చాలా కాలమైంది. మెషీన్ పెట్టిస్తే చెవిలో ఈల వేస్తోందని తీసి డబ్బాలో పడేసింది. రాసి చూపిద్దామంటే చదువు రాదు. అన్నం తిన్నావా, గోలీ వేసుకున్నావా అని అరిచి అడగొచ్చు. కాని కొన్ని మాటలు పక్కన కూర్చుని, నువ్వూ రెండు గింజలు తీస్తూ, మొహం చూడకుండా మెల్లగా అడగాల్సినవి. అలా అడగగలిగిన రోజులన్నీ ఆమెకు నా అభిప్రాయాలు చెప్పడానికే సరిపోయాయి.

మర్నాడు పొద్దున ఆమె అలవాటు కొద్దీ చింతపండు ముందేసుకుని కూర్చుంది. పేపరు ఒళ్లో పెట్టుకుని చెవి దగ్గరికి వంగాను.

"అత్తమ్మా! నీకు ఎన్నడన్న గల్లా మీద కూసోవాలనిపించిందా?"

"ఆఁ?"

ఇంకా గట్టిగా అరిచాను. కిటికీ తెరిచే ఉంది. గల్లా ఖాళీ చేసి లెమ్మంటున్నారా అని మా ఆయన్ను ఆటపట్టిస్తూ కింద ఎవరో గిరాకీ పకపకా నవ్వాడు. "క్యా సేఠ్, గల్లా ఖాలీ కరో బోల్‌రే క్యా?"

వెంటనే మా ఆయన గొంతు పైకొచ్చింది. "అమ్మకేం తక్కువ చేసినమే? మంచిగనే ఉండె! పొద్దుపొద్దుగాల ఏం లొల్లి ఇది?"

అది ఆమెకు వినబడలేదు. కాని నేను కిటికీ వైపు తిరగడం చూసింది. నా ప్రశ్న అందినట్టే ఉంది, ఆమె చేతులు ఆగిపోయాయి. ఏదో చెప్పబోయినట్టు పెదవులు విడివడ్డాయి కూడా. ఆ చెప్పబోయేది ఆపి, "వాడేమంటున్నడు?" అంది.

ఏం లేదు, నువ్వు చెప్పు అని ఉంటే పోయేది. ఊరందరి మాటకూ అడ్డం పడే నా నోరు, ఆ ఒక్క మాటను మాత్రం ఉన్నదున్నట్టు మోసుకొచ్చి ఆమె చెవిలో పోసింది.

"నువ్వు మంచిగనే ఉంటివంట!"

ఆమె ఒక గింజ తీసి పక్కకు వేసింది.

"ఆఁ. అట్లనే రాస్కో."

"ఆయన మాట ఇడిసిపెట్టు, నీ మాట చెప్పు!" అని మళ్లీ అరిచాను.

"బుట్ట దించు పిల్లా, కింద చూస్తుండ్రు" అంది.

దించాను.

అట్లా రాసుకోలేదు నేను. పేపరు చివర్లో ఉన్న తీర్పు కొట్టేసి, ఆ ప్రశ్న రాసి ఇచ్చాను. ఈసారి అడుగున పెన్సిల్ రాత లేదు, ఒక టిక్కు మాత్రం ఉంది. ఆంటీకి ప్రశ్న దొరికిందని పిల్లలు నాతో చాయ్ ఇప్పించుకున్నారు. మార్కులూ మంచివే వచ్చాయి.

షట్టరు మూసిన ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పటికీ ఆమె పక్కన కూర్చుంటాను. కింద వినేవాళ్లెవరూ ఉండరు. నేను చెవి దగ్గరికి వంగేసరికి ఆమే ముందు అంటుంది, "చాయ్ పెడ్తవా?" అని.

లేచి పెడతాను.