ఈద్గా నుంచి వచ్చే రెండో దోవ

బక్రీదు నాడు ఈద్గాకు నడిచే దోవలో ఎవరైనా నా పక్కకొచ్చి "కాస్త మెల్లగా అనకూడదా" అంటే నేను ఊరుకోను. పండగని చూడను, పెద్దమనిషని చూడను. అప్పటిదాకా అంటున్న తక్బీరునే ఇంకాస్త గొంతు పెంచి అంటాను. బీపీ ఉన్న మనిషిని, ఇంట్లోవాళ్ళు భయపడతారు. భయపడనీ. ఈ కోపం ఇవాళ్టిది కాదు. మా ఊరు పుత్తూరులో, నేను డిగ్రీ చదివే రోజుల్లో పట్టుకుంది. ఇంతవరకూ వదల్లేదు.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన దూదేకే విల్లు భుజాన వేసుకొని వీధివీధీ తిరిగి, పాత పరుపులు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, మీసం మీద తెల్లగా దూది. ఏళ్ళ తరబడి అంత దుమ్ము మింగినా ఆ గొంతు ఎట్లా మిగిలిందో నాకు తెలియదు. వీధి ఈ చివర నాయన "పరుపులు కుట్టేదీ" అని కేకేస్తే, ఆ చివర ఆడవాళ్ళు పరుపులు బయటపడేసేవాళ్ళు.

నాయనకు చదువు లేదు. అరబ్బీ అక్షరం రాదు. పొట్టేలును కోసి కుర్బానీ ఇచ్చే తాహతు ఏ ఏడూ లేదు. హజ్ మాటెత్తితే నవ్వేసేవాడు. ఆయనకు ఉన్నదల్లా బక్రీదు తక్బీరు. పండగ ముందురోజు తెల్లవారి నమాజుతో మొదలుపెట్టి, ఐదో రోజు సాయంత్రం నమాజు దాకా, తప్పక చదవాల్సిన ప్రతి ఫరజ్ నమాజు కాగానే మగవాళ్ళు దాన్ని పైకి అనాలి. "అల్లాహు అక్బర్, అల్లాహు అక్బర్, లా ఇలాహ ఇల్లల్లాహు వల్లాహు అక్బర్, అల్లాహు అక్బర్ వ లిల్లాహిల్ హమ్ద్." దేవుడే అందరికన్నా పెద్దవాడు, ఆయన తప్ప వేరే దేవుడు లేడు, పొగడ్తంతా ఆయనదే అని. మిగతావాళ్ళు ఒకసారి గొణిగి చెప్పులు వేసుకునేవాళ్ళు. నాయన ఇంటిదాకా అంటూనే వచ్చేవాడు.

పండగనాడు నమాజుకు ఊరి బయట ఈద్గాకు పోయేటప్పుడు జనానికి ముందు నడిచేది కూడా నాయనే. ఎవరూ ఆయన్ను అక్కడ నిలబెట్టలేదు, ఆ గొంతే ముందుకు తోసింది. ఆయన అంటే వెనకున్నవాళ్ళు అందుకునేవాళ్ళు. పోవడం పెద్ద బజారు మీదుగా. నమాజయ్యాక రావడం మాత్రం వంక దాటి, చెనిక్కాయ చేల గట్ల మీదుగా. పోయిన దోవనే తిరిగి రాకూడదు. నేను చిన్నప్పుడు ఒకసారి, కాళ్ళు నొప్పులు, బజారు మీదుగానే పోదామని ఏడిస్తే నాయన నన్ను భుజానెక్కించుకొని చెప్పాడు.

"రెండు దోవల్లో నడిస్తే రెండు దోవలూ మన మాట ఇంటాయి గదరా. రేపు ఆయన ముందర నిలబడినప్పుడు నాకు ఎవురు సాక్షి? ఈ రాళ్ళు, ఆ గోడలు, ఈ వంకలో నీళ్ళు. దూదేకులోడు ఈడ పోతా పోతా నిన్ను పెద్దోడని సెప్పినాడు, మేము ఇన్న్యాము అని అవే సెప్పాల. ఇనబడేటట్టు అనకపోతే అవి మాత్రం ఏం సెప్తాయి?"

"మనసులో అనుకుంటే సాలదా నాయనా?"

"మనసులో అనుకుంటే అది పక్కకి పోతాదిరా. రెండుసార్లు అనేలోపల నాది షావుకారింటి దిండ్ల కాడికి పోయుంటాది. నోరు తెరిసి గట్టిగా అంటే యాడికీ పోలేదు. సెవులు కాపలా ఉంటాయి."

బజారులో కాఫీ హోటలాయన పాలగరిటె చేతపట్టుకొని బయటికొచ్చి నిలబడేవాడు. "ఏమప్పా, పోయినేడు కన్నా గొంతు తగ్గినట్టుండాదే" అని ఏటా అదే ఎగతాళి. దానికోసమే అన్నట్టు నాయన ఇంకా పెంచేవాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి మా ఊరికొచ్చిన అరవవాళ్ళు అరుగుల మీద కూర్చొని, బాగున్న చెయ్యెత్తి దండం పెట్టేవాళ్ళు.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. ఏడాది పొడుగునా ప్రతి గడప ముందరా వంగి "అమ్మా, అయ్యా" అనే మనిషి, ఆ ఒక్క పూట నడిబజారులో తలెత్తి నడిచేవాడు. మీ అందరికన్నా పెద్దవాడు ఒకడున్నాడని ఊరంతా వినేటట్టు చెప్పేవాడు. మనసులో అనుకుంటే అది ఆయనకూ దేవుడికీ మధ్య మాట. పైకి అన్నాడు గనక అక్కడున్న ప్రతి పెద్దమనిషికీ తగిలింది. అందరిలోకీ ఎక్కువగా తగిలింది మా ముతవల్లీకి.

ముతవల్లీ అంటే మసీదు వ్యవహారాలు చూసే పెద్ద. తోళ్ళ వ్యాపారి, ఉర్దూ ఇంటి మనిషి. దూదేకులవాడు ముందు నడవడం, తను వెనక నడవడం ఆయనకు మింగుడుపడలేదు. ఒకనాడు నమాజయ్యాక అందరి ముందరా నాయనను పట్టుకొని, "దేవుడికేమన్నా చెవుడా, అట్లా అరుస్తావు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాయన కూడా నవ్వుతూనే, "ఆయనకు లేదు సాబ్, నాకే ఉండాది" అన్నాడు. ఎంత మంచి జవాబు! విన్నవాడికి సిగ్గుండాలి గదా. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని ఎవరూ అనకుండా.

అప్పటికి నేను తిరుపతిలో చదువుతున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకోవడం, తల దువ్వుకోవడం, నాయన దూది మీసంతో బస్టాండు దాకా దిగబెట్టడానికొస్తే నాలుగడుగులు ముందు నడవడం, ఇవన్నీ బాగా నేర్చుకున్నాను. బక్రీదుకు నా స్నేహితులు ఎవరైనా పుత్తూరొస్తే బజారులో నాయన అరుపు వింటారేమోనని నాకు గుబులు.

ఆ ఏడు ముతవల్లీ మైకు సెట్టు కొనిపించాడు. జట్కాబండి మీద హారన్లు కట్టి, టేపురికార్డరు పెట్టి, క్యాసెట్లో తక్బీరు వేసుకుంటూ ఈద్గాకు పోదామని ఆయన ఆలోచన. నన్ను ఇంటికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మా నాయనను ఏనాడూ వాకిలి దాటనివ్వని మనిషి! "చదువుకున్నవాడివి, నీకు తెలుస్తుంది. మనది కూడా పద్ధతిగా ఉండాలి కదా" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ కుర్చీకే అమ్ముడుపోయాను. మరుసటి రోజే రైలెక్కి మద్రాసు పోయి, బాగా పేరున్నవాడి గొంతని చెప్పి అంగడివాడిచ్చిన క్యాసెట్టు పట్టుకొచ్చాను. ఆ రైల్లో దాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో తలుచుకుంటే, నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నాయనకు చెప్పాల్సింది కూడా నేనే. పరుపు కుడుతున్నాడు, చేతిలో దబ్బనం ఉంది.

"నాయనా, ఈ ఏడు క్యాసెట్టు పెడతా ఉండారు. నువ్వు ఊరికే నడిసిరా సాలు."

"పెట్టుకోనీ రా. దాని నోరు దానిది, నా నోరు నాది."

"రెండూ కలిస్తే బాగుండదు."

దబ్బనం ఆగింది. "క్యాసెట్టు తక్బీరు అంటే పుణ్యం ఎవురికిరా? ఆ బండికా?" అన్నాడు. అప్పుడు నా ముఖంలోకి చూసి, "నీకు సిగ్గుగా ఉండాదా అబ్బోడా?" అని అడిగాడు.

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండక్షరాలు. నేను అనలేదు.

"సరేలే" అని మళ్ళీ కుట్టు మొదలుపెట్టాడు.

పండగనాడు బండి ముందు, ముతవల్లీ బండి పక్కన, టేపురికార్డరు దగ్గర నేను. హారన్లలో ఎవరో తెలియని మనిషి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. వెనక రెండు వందల మంది నోళ్ళు మూసుకొని నడిచారు. మూసుకొని అంటే తక్బీరుకు మూసుకొని. సినిమా కబుర్లు, తోళ్ళ ధరలు, ఎవరింట్లో ఎన్ని పొట్టేళ్ళు అనే లెక్కలు మాత్రం దోవంతా సాగాయి. పెట్టె అంటోంది గదా, మనమెందుకనడం! కాఫీ హోటలాయన గరిటెతో బయటికొచ్చి, అటూఇటూ చూసి, "యాడప్పా మీ నాయన?" అని నన్నే అడిగాడు. నేను వెనక్కి చెయ్యి చూపించాను. అందరికన్నా చివర నాయన తల వంచుకొని నడుస్తున్నాడు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. అరుగుల మీద కట్లు కట్టుకున్నవాళ్ళు హారన్ల వైపు చూశారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు.

నమాజయ్యాక అసలు సంగతి బయటపడింది. జట్కాబండి వంక దాటదు, గట్ల మీద నడవదు. ఇంత ఏర్పాటు చేసి, ఇన్ని తలలు కలిపి మాట్లాడి, ఆ చిన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. ముతవల్లీ రెండు క్షణాలు ఆలోచించి, "బండి ఎటు పోతే అటే పోదాం, బజారు మీదుగానే" అన్నాడు. తాతల నాటి నుంచి రెండు దోవలు నడిచిన ఊరు, ఒక పెట్టె కోసం ఒక దోవను వదిలేసింది. ఇదేంటని అడిగినవాడు లేడు. ఆ పెట్టెకు కాళ్ళు లేవని మేము కాళ్ళు పోగొట్టుకున్నాం.

నాయన చెప్పులు చేతపట్టుకొని వంకలోకి దిగాడు. ఆ ఒడ్డు ఎక్కాక, నాకిచ్చిన మాట అక్కడితో తీరిపోయిందన్నట్టు, గొంతెత్తాడు. చేలకు అడ్డంగా ఆ గొంతు వచ్చింది. ఒంటరి మనిషి, వెనక అందుకునేవాడు లేడు. ఒకసారి అని, వెనకవాళ్ళకోసం ఎప్పుడూ ఆగినంతసేపు ఆగి, మళ్ళీ అంటున్నాడు.

నేను వంక దాకా రెండడుగులు వేశాను. "క్యాసెట్టు తిప్పెయ్" అని ముతవల్లీ కేకేశాడు. వెనక్కి తిరిగి క్యాసెట్టు తిప్పేశాను.

ఆ తర్వాత ఏడు కూడా అట్లాగే జరిగింది, నాయన ఒక్కడే వంక దాటాడు. మూడో ఏటికి మింగిన దుమ్మంతా తిరగబడింది. ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు చెప్పాడు. ఆ గొంతు గాలి మాత్రమే అయిపోయింది. మంచినీళ్ళు అడిగినా నోటి దగ్గర చెవి పెట్టి వినాలి. బక్రీదు పొద్దున నేను కొత్త బట్టలు వేసుకుంటుంటే మంచం మీద నుంచి చెయ్యూపి పిలిచాడు. వంగాను.

"ఆ దోవన రారా నాయనా. గట్టిగా సెప్పు. ఆ దోవ ఈ ఏడు ఒట్టిగా పోకూడదు."

ఇంతకన్నా ఆయన నన్ను ఏమీ అడగలేదు, ఆ రోజుకీ, నా జీవితం మొత్తానికీ.

నమాజు కాగానే బండి బజారు వైపు తిరిగింది. నేను వంకలోకి దిగాను. ఆ ఒడ్డెక్కి గట్టు మీద నిలబడ్డాను. వాన పడి చేలు పచ్చగా ఉన్నాయి. పక్కనే ఒకామె మేకలు మేపుతోంది. ఎవరూ లేకుంటే అనేవాణ్ణేమో. ఆమె నన్నే చూస్తోంది. నోరు తెరిచాను. గొంతు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే, నేను రానివ్వలేదు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, డిగ్రీ చదివినవాణ్ణి, మేకలామె ముందు చేలగట్టు మీద నిలబడి అరవడమా! పెదవులు కదిలించుకుంటూ నడిచాను.

ఆమెను దాటాక వెనక నుంచి పిలిచింది. "ఏమబ్బా, నువ్వు ఆ పరుపులాయన కొడుకువి గదా? యాడికి పోయినాడు మీ నాయన? ఈ ఏడు ఆయన మాట ఇనబడలే."

"ఒంట్లో బాగలేదు" అని చెప్పి గబగబా నడిచాను.

ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీద వాకిలి వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నా కోసమే చూస్తున్నాడు. వంగి చెవి పెట్టాను.

"సెప్పినావా?"

"సెప్పినా నాయనా."

నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"ఇనబడిందిలే" అన్నాడు.

మా ఇంటికీ ఆ గట్టుకూ మైలు దూరం. పది గజాల్లో ఉన్న మేకలామెకే వినబడలేదు.