పొట్టు తుడిచిన చెయ్యి

ఇంజను రంపం దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని ఇప్పుడు ప్రతివాడూ నాకు నీతులు చెబుతాడు. వింటే ఒళ్ళు మండిపోతుంది. చెప్పాల్సిన రోజున ఒక్కడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

మా అక్క మొగుడూ నేనూ కోతపనివాళ్ళం. ఉద్దానం ఊళ్ళలో ఎవరికి దూలం కావాలన్నా, పనస దుంగ పలకలు తీయాలన్నా మమ్మల్నే పిలిచేవారు. గొయ్యి తవ్వి, దుంగను దాని మీద అడ్డంగా వేసి, పొడుగాటి రంపాన్ని పై నుంచి బావ, గోతిలోంచి నేను లాగేవాళ్ళం. రోజంతా రంపపు పొట్టు నా నెత్తి మీద, నా కళ్ళలో. దర్జా అంతా పైవాడిది! మసిలో ముంచిన నూలుతాడుతో కొట్టిన గీత వెంబడి రంపాన్ని నడిపించేది ఆయనే. గీతను పొట్టు కప్పేస్తే కుడి అరచేత్తో చటుక్కున తుడిచి మళ్ళీ పిడి పట్టేవాడు. ఎన్ని వేలసార్లు తుడిచాడో, చెయ్యి దానంతటదే వెళ్ళేది. మేం ఆగితే రంపమూ ఆగేది, ఇంక భయమేముంది?

తర్వాత పలాసలో, రైలు స్టేషను దగ్గర, ఒక షావుకారు ఆయిలింజను పెట్టి గుండ్రటి రంపం బిగించాడు. మేం నాలుగు రోజులు కోసే దుంగను అది ఒక్క పూటలో ముక్కలు చేసి పారేసేది. ఇక మమ్మల్నెవడు పిలుస్తాడు? మేమే వెళ్ళి పని అడిగాం. నాలుగు అక్షరాలొచ్చినవాణ్ణని నన్ను ఇంజను దగ్గర పెట్టాడు, బావను రంపం బల్ల దగ్గర.

పళ్ళకు చెయ్యి తగలకుండా ఆ రంపం మీద ఒక ఇనుప కప్పు ఉండేది. మందస కొండల నుంచి లావు దుంగలు రావడం మొదలయ్యాక అది అడ్డొచ్చింది.

"ఇప్పీయ్‌రా దాన్ని! దుంగ దూరదు, ఇంకా సూత్తన్నావేటి?" అన్నాడు షావుకారు.

రెంచి తెచ్చి మరలు విప్పింది నేనే. సన్న దుంగలు కోసేటప్పుడైనా మళ్ళీ బిగించొచ్చు. బిగించలేదు. ఎవడికి తీరిక?

ఆ రోజు కోస్తున్నది మామూలు పనస దుంగ. సగం కోశాక గీతను పొట్టు కప్పేసింది. బావ చెయ్యి వెళ్ళింది. అంతే. ఇంజను మోతలో కేక కూడా నాకు వినపడలేదు. బల్ల మీద పసుప్పచ్చటి పొట్టు ఎర్రగా ముద్దకావడం చూసి పరిగెత్తి ఇంజను ఆపాను. టెక్కలి ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. అన్నం తినే చెయ్యి అది. ఎడంచేత్తో తినడానికి సిగ్గుపడి, అక్క కలిపి ముద్దలు పెడుతుంటే గోడవైపు తిరిగి తినేవాడు.

కొన్నాళ్ళకు విచారణకు పైనుంచి అధికారి వస్తున్నాడని తెలిసింది. కప్పు తీసేసి పని చేయించినట్టు తేలితే, బావకు బతికే దారి షావుకారే చూపించాలి. మాకున్న ఆశ అదొక్కటే. షావుకారు నన్ను లోపలికి పిలిచాడు.

"కప్పు బాగానే ఉందనీ, తనే దాన్ని తీసి సెయ్యెట్టీసినాననీ మీ బావ సెప్పినట్టు రాయి. నేదంటావా, మరలు ఇప్పినోడివి నువ్వే. ముందు నీ పనే పోతాది."

పిరికి సన్నాసిని. రాశాను.

బావ మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏటి రాసినావురా బామ్మర్దీ? ఓసారి సదువు" అన్నాడు. ఆయనకు చదువు రాదు. షావుకారు కప్పు తీయించాడనీ, బావ తప్పేమీ లేదనీ చదివాను. కాగితం మీద అందులో ఒక్క ముక్క లేదు. ఆయన ఎడమ బొటనవేలికి సిరా పూసింది కూడా నేనే. "నువ్వున్నావు గనక సరిపోనాది" అన్నాడు, వేలిముద్ర వేస్తూ. ఛీ, నా బతుకు!

అధికారి మిల్లులోనే కుర్చీ వేయించుకున్నాడు. అందరి ముందూ గుమాస్తా చేత కాగితం పైకి చదివించాడు. బావ తల తిప్పి నా వైపు చూశాడు.

"ఇది నువ్వు చెప్పిందేనా?" అన్నాడు అధికారి.

నిజం చెప్పెయ్యి బావా అని మనసులో మొత్తుకున్నాను. చెప్పకపోతే బాగుండుననీ అనుకున్నాను. ఆ రెండో మాటే గట్టిగా అనుకున్నాను, అబద్ధమెందుకు.

"అవును బాబూ. నేను సెప్పిందే" అన్నాడు బావ.

బయటికి వచ్చాక ఆయన వెనకే నడిచాను. ఎందుకలా అన్నావు బావా అని అడిగాను. ఆయన ఆగలేదు.

"నీ పని కూడా పోతే మీ అక్క ఏటి తింటాది? ఒకడికైనా ఉండాల." నాలుగడుగులు వేశాక అన్నాడు, "మరెప్పుడూ నాకేటీ సదివి ఇనిపించకు."

తిట్టినా, కొట్టినా బతికిపోయేవాణ్ణి. ఆ తర్వాత ఆయనకు ఏ ఉత్తరం వచ్చినా, ఎడమచేత్తో పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళి, వీధి చివర ఎవరిచేతనో చదివించుకునేవాడు.